పళ్ళు పులిసిన రోజు, భరిణె దొరికిన రోజు

(శ్రీకాకుళంలో జరిగిన ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం)

పెద్దలకూ, మిత్రులకూ, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకూ నమస్కారం.

నవలల్లో పిల్లలు పెద్దవాళ్ళయ్యే తీరు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. విషయం పెద్దది కాబట్టి ఒక్క నవలను పట్టుకుని, దాన్ని వదలకుండా మాట్లాడతాను. అది మన భాషలో పుట్టినది కాదు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘పథేర్ పాంచాలి’. 1928లో పత్రికలో ధారావాహికగా మొదలై 1929లో పుస్తకంగా వచ్చింది. మద్దిపట్ల సూరిగారి అనువాదం వల్ల మనకు తెలుగులో అందింది. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమా మూలంగా ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయితే సినిమా వేరు, నవల వేరు. సినిమాను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నేను ఈరోజు చెప్పదలచుకున్న సంగతులు కొన్ని నవలలోనే ఉన్నాయి, అందుకని అంటున్నాను.

కథ నిశ్చిందిపూర్ అనే పల్లెలో జరుగుతుంది. హరిహర్ అనే పేద పురోహితుడు, ఆయన భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు. వీళ్ళతోపాటు హరిహర్‌కు దూరపు వరుసకు అక్క అయిన ఇందిర్ ఠాక్రున్ అనే ముసలామె. నవల ఈ ముసలామెతోనే మొదలవుతుంది. ఒక పిల్లవాడి బాల్యం చెప్పబోయే రచయిత, ఆ పిల్లవాడు పుట్టకముందే ఆ ఇంటి వసారాలో ఒక మూల చాప పరుచుకుని కాలం గడుపుతున్న డెబ్భై అయిదేళ్ళ స్త్రీ దగ్గర మొదలుపెట్టడం నాకు మొదటి చదువులో అర్థం కాలేదు. కథ ఎప్పుడు మొదలవుతుందా అని పేజీలు తిప్పాను. ఇప్పుడు మళ్ళీ చదివితే, మిగతా నవలకు పునాది అంతా ఆ వసారాలోనే ఉందనిపిస్తుంది.

ఆమెకు పెళ్ళి చేసింది ఒక కులీన బ్రాహ్మణుడితో. ఆ రోజుల్లో బెంగాల్‌లో కులీనులు ఊరికొక పెళ్ళి చేసుకుని, భార్యలను పుట్టిళ్ళలోనే వదిలి, ఎప్పుడో ఒకసారి చుట్టపుచూపుగా వచ్చిపోయేవారు. అట్లా భర్త ఉండీ లేనట్టే బతికి, చివరికి వితంతువై, ఉన్న ఒక్క కూతురు విశ్వేశ్వరినీ చిన్నవయసులోనే పోగొట్టుకున్న మనిషి ఆమె. దుర్గ పుట్టినప్పుడు ఆ పసిదాని ముఖంలో ఆమెకు పోయిన కూతురే కనిపించింది. సర్వజయకు మాత్రం ఈ ముసలామె ఒక అదనపు కంచం. నవలలో సర్వజయ చెడ్డది కాదు. ఉన్న బియ్యం నలుగురికి చాలనప్పుడు ఐదో నోరు ఎవరిదా అని లెక్కవేసే ఇల్లాలు. ఆ లెక్కలోనే ముసలామెను గడప దాటించింది. ఆ ఇంటి బయట, పరాయి చోట ఇందిర్ ఠాక్రున్ కన్నుమూస్తుంది. ఆమె చావుతో నిశ్చిందిపూర్‌లో పాతకాలం ముగిసిపోయిందని రాసి, రచయిత ఆ భాగాన్ని అక్కడ ఆపేస్తాడు.

సినిమాలో ఈ చావు జరిగేసరికి అపు కాస్త పెద్దవాడు. నవలలో వాడు ఇంకా చంకలో పసిగుడ్డు. ఆ ముసలామె వాడికి తెలియనే తెలియదు. ఆమె పాటలు, ఆమె కథలు, ఆమె మాటలు ఆ ఇంట్లో దుర్గ ఒక్కతెకే గుర్తు. అంటే ఈ నవలలో మొదట పోగొట్టుకున్నది అపు కాదు, దుర్గ. ఆ పోగొట్టుకున్నదాన్ని గురించి ఎవరితోనైనా చెప్పుకునే వయసు కూడా దానికి లేదు.

మనకు ‘దిక్కు’ అనే మాట ఉంది. తూర్పు దిక్కు అన్నప్పుడు అది దోవ చెబుతుంది. ‘నాకెవరు దిక్కు’ అన్నప్పుడు అది ఆసరా. రెండు అర్థాలకూ ఒకే మాట ఎందుకు వాడుకున్నామో ఈ నవల చదివినప్పుడల్లా ఆలోచిస్తాను. ఏ ఇంట్లో మనకు కంచం ఉందో ఆ ఇంటిని బట్టే మనకు తూర్పూ పడమరా తెలుస్తాయి; ఆ ఇల్లు పోయిన మనిషికి ఊళ్ళో ఏ వీధి ఎటు పోతుందో తెలిసీ ఉపయోగం లేదు. ఇందిర్ ఠాక్రున్ ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే ముసలిదై, ఆ ఊళ్ళోనే దిక్కులేనిదై పోయింది.

ఇక దుర్గ. విభూతిభూషణ్ ఈ నవలను మొదట దుర్గ లేకుండానే రాశాడని, భాగల్పూర్‌లో ఉద్యోగం చేస్తున్న కాలంలో జుట్టు చెదిరిన ఒక పల్లెటూరి పిల్లను దారిలో చూసి, ఈ పిల్ల లేనిదే నా పుస్తకం లేదనుకుని రాసినదంతా పక్కనపెట్టి మళ్ళీ రాశాడని చెబుతారు. ఒక్కసారి దుర్గను తీసేసి ఈ నవలను ఊహించుకోండి. అపు అప్పుడు ప్రకృతిని చూసి పరవశించే ఒక మంచి పిల్లవాడు మాత్రమే. వాడికి ఆ ప్రకృతిని చూపించింది ఎవరు? ఏ పొదలో ఏ పండు ఉంటుందో, ఏ తోటలో గాలికి రాలిన కాయలు తెల్లవారేలోపు ఏరుకోవచ్చో వాడికి నేర్పింది ఎవరు?

ఒక చిన్న ఘట్టం చెబుతాను. దీని మీదనే నా ప్రసంగమంతా నిలబడి ఉంది. దుర్గ పచ్చి మామిడికాయలు ఏరుకొచ్చి ముక్కలు కోసి కొబ్బరి చిప్పలో వేసుకుంటుంది. వాటిలోకి కాస్త నూనె, కాస్త ఉప్పు కావాలి. తల్లి రేవుకు వెళ్ళింది. తమ్ముణ్ణి లోపలికి పంపి, నూనె కింద ఒలకకుండా పట్టుకురమ్మని జాగ్రత్తలు చెబుతుంది. ఇద్దరూ దాక్కుని తింటారు. ఉద్దానంలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కరలేదు. ఉప్పూ కారం పొట్లం కట్టుకుని జీడితోటల్లోకి, మామిడితోటల్లోకి దూరని వాళ్ళం మనలో ఎవరం? తరువాత తల్లి వచ్చి వేయించిన బియ్యం పెడుతుంది. అపు నమలలేక, ‘అమ్మా, మామిడికాయ తిని పళ్ళు పులిసి’ అని మొదలుపెట్టేస్తాడు. అక్క కళ్ళు ఉరిమేసరికి మాట సగంలో మింగేస్తాడు. కానీ అప్పటికే తల్లికి తెలిసిపోయింది.

కడుపులో మాట దాచుకోలేని వయసు అది. ఈ పిల్లవాణ్ణి గుర్తుపెట్టుకోండి.

ఆ ఇంట్లో దుర్గ స్థానం ఏమిటో కూడా చూడాలి. పాలైనా, మంచి ముక్కైనా కొడుక్కి మొదట. కూతురికి తిట్లు, మొట్టికాయలు. ‘ఆడపిల్ల ఎప్పటికైనా ఆడ పిల్లే’ అని మన ఇళ్ళలో నవ్వుతూ అనే మాట ఉంది. ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల, అంటే రేపు వేరే ఇంటికి పోయేది అని అర్థం. నవ్వుతూ అంటారు కాని, ఆ మాట విన్న పిల్లకు పుట్టిన ఇంట్లో కాళ్ళు ఎంత బరువుగా ఆనతాయో ఆలోచించరు. దుర్గ రోజంతా తోటల్లో, పొదల్లో తిరగడానికి అల్లరి ఒక్కటే కారణం కాదని నాకు అనిపిస్తుంది. ఎవరిదీ కాని చోట మాత్రమే తనదనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పొరుగింట్లో పెళ్ళి జరుగుతున్నప్పుడు బంగారు కుంకుమ భరిణె ఒకటి పోతుంది. అనుమానం దుర్గ మీదికి వస్తుంది. నలుగురిలో కొడతారు. తాను తీయలేదనే అంటుంది. పాఠకుడికి కూడా అది ఎవరు తీశారో రచయిత చెప్పడు. కథ ముందుకు సాగుతుంది. హరిహర్ సంపాదన కోసం ఊరు విడిచి వెళతాడు, ఉత్తరం రాదు, డబ్బు రాదు. దుర్గకు జ్వరం పట్టుకుంటుంది. ఆ జ్వరంలోనే ఒక రాత్రి గాలివాన వస్తుంది. పాతబడిన ఆ ఇల్లు విరిగి పడుతుంటే తల్లి ఇద్దరు పిల్లలనూ పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మనలో ఎంతోమంది అట్లాగే కూర్చున్నాం. తెల్లవారి లేచి చూస్తే తరాలనాటి కొబ్బరితోట నేల మీద పడి ఉంది. ఆ రాత్రి గాలి చేసిన చప్పుడు విన్నవాళ్ళకు విభూతిభూషణ్ ఆ అధ్యాయంలో ఒక్క మాట కూడా పెంచి రాయలేదని తెలుస్తుంది.

దుర్గ బతకదు. ఆ చావును ఆయన చాలా కొద్ది మాటలతో రాశాడు. తరువాత కొన్నాళ్ళకు ఏమీ తెలియని తండ్రి కూతురికి చీర కొనుక్కుని ఇంటికి వస్తాడు. ఆ ఘట్టం గురించి నేనేమీ మాట్లాడను. చదవనివాళ్ళు చదవండి.

నేను మాట్లాడవలసింది భరిణె గురించి. దుర్గ పోయిన తరువాత ఆ ఇంట్లో బతకలేక హరిహర్ కుటుంబాన్ని తీసుకుని కాశీ వెళ్ళిపోవాలనుకుంటాడు. సామాన్లు సర్దుతున్నప్పుడు అపుకు ఒక మట్టి పిడతలో ఆ బంగారు భరిణె దొరుకుతుంది. అక్క తీసింది. అక్క అబద్ధం చెప్పింది. దెబ్బలు తిని కూడా చెప్పలేదు. అపు దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, వెదురు పొదల వైపు వెళ్ళి, ఎవరికీ కనిపించనంత లోపలికి విసిరేస్తాడు. తల్లికి చెప్పడు. ఎవరికీ చెప్పడు.

మామిడికాయ తిన్న సంగతి ఒక్క పూట దాచలేక కక్కేసిన పిల్లవాడు వీడేనా? నా దృష్టిలో ఈ నవలలో అపు పెద్దవాడైన క్షణం అదే. అక్క చనిపోయిన రోజు వాడు పెద్దవాడు కాలేదు. ఆ రోజు వాడు దెబ్బ తిన్నాడంతే. దెబ్బ తగిలిన ప్రతి పిల్లవాడూ పెద్దవాడవుతాడనుకోవడం మనం సాహిత్యంలోనూ బతుకులోనూ తరచు చేసే పొరపాటు. చనిపోయిన మనిషి ఇక తన తరఫున ఒక్క మాట కూడా చెప్పుకోలేదని, తన పరువును తాను కాపాడుకోలేదని, ఆ పని ఇక తన మీద పడిందని తెలిసినప్పుడు అపు పెద్దవాడయ్యాడు. భరిణె తిరిగి ఇచ్చేయడం ధర్మం కాదా అని నేను పాఠం చెప్పిన తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ధర్మమే. కానీ తిరిగి ఇచ్చిన మరుక్షణం దుర్గ ఆ ఊళ్ళో ఎప్పటికీ దొంగగానే మిగిలిపోతుంది. దాన్ని అమ్ముకుంటే తమ పేదరికానికి కొంత ఆసరా అయ్యేది; ఆ ఆలోచన వాడికి రానే రాలేదు. సినిమాలో ఇది పూసల హారమై, చెరువులో పడి, నాచు మళ్ళీ కమ్ముకునే దృశ్యంగా మారింది. అది గొప్ప దృశ్యం. అయినా నవలలోని కుంకుమ భరిణెలో ఉన్న వేదన హారానికి లేదని నా అభిప్రాయం. కుంకుమ భరిణె పెళ్ళయిన స్త్రీ ఇంట్లో ఉండే వస్తువు. ‘ఆడ’ ఇంటికి ఎప్పటికీ వెళ్ళకుండానే పోయిన పిల్ల దాచుకున్న వస్తువు అది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పడానికి మీ అనుమతి కోరుతున్నాను. మా ఊరు టెక్కలికీ టెంబూరుకూ మధ్య ఉంటుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అప్ప, అంటే మా అక్క, జ్వరంతో పోయింది. దానికి పన్నెండేళ్ళు. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, తరువాత తిన్నాను, ఆడుకున్నాను. 1971లో జనాభా లెక్కలు రాసుకోవడానికి ఒకాయన మా అరుగు మీద కూర్చుని, ‘పిల్లలెంతమందమ్మా?’ అని అడిగాడు. మా అమ్మ ‘ముగ్గురు’ అంది. నాకు అప్పుడే తీసివేతలు బాగా వచ్చాయి. ‘ఇద్దరమే కదమ్మా, నేనూ తమ్ముడూ’ అని గట్టిగా అన్నాను. ఆయన కలం ఆగిపోయింది. మా అమ్మ నన్ను తిట్టలేదు. నా వైపు చూసి లోపలికి వెళ్ళింది. ఆయన నా మాట ప్రకారమే రాసుకుని పోయాడు.

చాలా ఏళ్ళ తరువాత ఈ నవలలో పళ్ళు పులిసిన ఘట్టం చదువుతున్నప్పుడు నాకు ఆ అరుగే గుర్తుకొచ్చింది. భరిణె ఘట్టానికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. అపుకు తెలిసినది నాకు తెలియలేదు. ఆ తరువాత మా అమ్మ బతికి ఉన్నంత కాలం, ఎవరు అడిగినా, ఆమె పక్కన ఉన్నప్పుడు ‘మేం ముగ్గురం’ అనే చెప్పాను. ఇప్పుడు కూడా అదే చెబుతాను.

రైలు సంగతికి వస్తాను. అక్కా తమ్ముడూ రైలును చూడాలని ఒకసారి ఊరు దాటి చాలా దూరం పరుగెత్తి, పట్టాలు కూడా కనిపించకుండానే తిరిగి వస్తారు. సినిమాలో రెల్లుపూల మధ్య ఇద్దరూ రైలును చూసే ఘట్టం ప్రపంచమంతా ఎరుగును. నవలలో దుర్గ రైలును చూడదు. జ్వరంలో పడుకుని తమ్ముణ్ణి అడుగుతుంది, నాకు ఒకరోజు రైలు చూపిస్తావా అని. ఆ కోరిక తీరకుండానే పోతుంది. మాకు నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్నబండి ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను మీద 1900 నుంచి బండి నడిచింది. 2004లో పెద్ద లైను వేయడానికి ఆపేసేదాకా అది మా పల్లెల మధ్య నుంచి పొగ వదులుతూ నెమ్మదిగా పోతూ ఉండేది. అప్ప నన్ను చంకనెత్తుకుని దాన్ని చూపించేది. అందుకేనేమో, దుర్గ రైలు చూడకుండా పోయిందన్న వాక్యం దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పెగలదు.

ఊరు విడిచి వెళుతున్న రోజు అపు మొదటిసారి రైలెక్కుతాడు. వాడు ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రైలు. బండి కదులుతుంది. స్టేషన్, సిగ్నలు, ఊరివైపు చెట్లు వెనక్కి పోతుంటాయి. అప్పుడు వాడికి, అక్క ఆ చెట్ల కింద ఒంటరిగా నిలబడి తమవైపే చూస్తున్నట్టు అనిపిస్తుంది. అమ్మ వెళ్ళిపోతోంది, నాన్న వెళ్ళిపోతున్నాడు, అందరూ తనను వదిలేసి వెళ్ళిపోతున్నారు. నేను వెళ్ళలేదక్కా, నిన్ను మరచిపోలేదు, కావాలని వదిలేయలేదు, వీళ్ళే నన్ను తీసుకుపోతున్నారు అని వాడు మనసులో చెప్పుకుంటాడు. వలస పోవడం గురించి మనం ఎన్నో వ్యాసాలు చదివాం. మన తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి పరాయి బోట్ల మీద వేటకు పోతారని, మన కూలీలు చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ మేడలు కడతారని మనకు తెలుసు. కానీ బతకడానికి ఊరు విడిచిపోయేవాడు ఆ ఊరి మట్టిలో ఉన్న తనవాళ్ళకు మనసులో ఏ సంజాయిషీ చెప్పుకుంటాడో, దాన్ని ఇంత సూటిగా రాసినవాళ్ళను నేను వేరే చూడలేదు.

కాశీలో హరిహర్ పోతాడు. సర్వజయ ఒక సంపన్నుల ఇంట్లో వంటమనిషిగా చేరుతుంది. ఒకప్పుడు ఇందిర్ ఠాక్రున్ కంచాన్ని లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు పరాయి ఇంట్లో తన కంచం ఎక్కడో వెతుక్కుంటుంది. రచయిత ఆమెను నిందించడు, ‘చూశావా’ అని పాఠకుడి భుజం తట్టడు. అపు ఆ ఇంట్లో బెత్తం దెబ్బలు తింటాడు. నిశ్చిందిపూర్‌లో పేదరికం ఉండేది కానీ అక్కడ వాడు ఎవరి కొడుకో అందరికీ తెలుసు. ఇక్కడ వాడు వంటమనిషి కొడుకు.

చివరి పుటల్లో అపు మళ్ళీ తన ఊరికి తీసుకుపొమ్మని వేడుకుంటాడు. అప్పుడు పథదేవత చిరునవ్వుతో పలుకుతుంది: నీ ఊరి వెదురు పొదల దగ్గరే దారి అయిపోలేదు, ఇంకా ముందుకు పోవాలి అని. వాడు అడిగిన దిక్కు ఆసరా, దొరికిన దిక్కు దోవ. ఈ ముగింపు చాలామందికి ఓదార్పుగా కనిపిస్తుంది. నాకు ఏనాడూ ఓదార్పుగా అనిపించలేదు. ఇల్లు అడిగిన పిల్లవాడికి బాట చూపించడం కఠినమైన పని. అయితే అబద్ధం మాత్రం కాదు.

నేను ఉద్దానంలోని ఒక ఉన్నత పాఠశాలలో చివరి కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడ తరగతిలో తండ్రి లేని పిల్లలు ఎక్కువ. ఎందుకో మీకు తెలుసు. ఆ ప్రాంతాన్ని పట్టుకున్న కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలుసు. ఈ కథ వాళ్ళకు చెప్పినప్పుడు, రెండేళ్ళ కిందట తండ్రిని పోగొట్టుకుని, తల్లి పనికోసం విశాఖపట్నం వెళితే తాతగారి దగ్గర ఉంటున్న ఒక కుర్రవాడు లేచి, ‘ఆ అబ్బాయి మళ్ళీ ఊరికి వస్తాడా సార్?’ అని అడిగాడు.

ఈ నవలలో రాడని చెప్పాను. కానీ దీని తరువాయి నవల ఉంది, ‘అపరాజితో’. అందులో అపు పెద్దవాడవుతాడు, తల్లినీ భార్యనూ కూడా పోగొట్టుకుంటాడు. చివరికి తన కొడుకు కాజల్‌ను వెంటపెట్టుకుని నిశ్చిందిపూర్ వస్తాడు. ఇల్లు పాడుపడి ఉంటుంది. దుర్గతో ఆడుకున్న పొరుగింటి రాణు ఇప్పుడు అక్కడే ఉంటుంది. అపు కొడుకును ఆమె చేతిలో పెట్టి తాను మళ్ళీ దూరదేశాలకు బయలుదేరతాడు. కాజల్ ఆ పొదల్లో, ఆ శిథిలాల్లో ఆడుకుంటుంటే, ఇరవై నాలుగేళ్ళ తరువాత అపు తిరిగి ఊరికి వచ్చాడని రచయిత రాస్తాడు.

ఆ కుర్రవాడు కాసేపు ఆలోచించి, ‘మరి ఆ రాణు వాళ్ళకి ఏమవుతుంది సార్?’ అన్నాడు. రక్తసంబంధం ఏమీ లేదని, వాళ్ళ అక్కకు స్నేహితురాలని చెప్పాను. వాడు ‘అయితే అత్తే’ అని కూర్చున్నాడు.

నమస్కారం.